బొమ్మ పడే ముందు



తపస్సుకాలంలో కుటుంబాలను దర్శిస్తూ తిరుపతిలో ఒక ఇంటికి వెళ్లాను. ఇంటి యజమాని ఆటో నడుపుకొనే మనిషి. ఇల్లాలు కాఫీ ఇచ్చి, తిరుహృదయ పటం క్రింద కూర్చొని, కొంతసేపు పిల్లల చదువుల సంగతి చెప్పింది. చివరికి అసలు మాట బయటపెట్టింది.

"సామీ, ఈయనకు మీరన్నా ఒక మాట చెప్పండి. ఏడాదికి రెండు మూడు తూర్లు పిల్లోళ్లను సినిమాకు పిల్చుకొని పోతాము. టిక్కెట్లు మా చేతిలో పెట్టేసి ఈయన బయటే నిలబడిపోతాడు. అడ్వర్టైజుమెంట్లన్నీ అయిపోయి బొమ్మ పడినాక, చీకట్లో అందరి కాళ్లూ తొక్కుకుంటా వస్తాడు. పక్కన కూర్చోంగానే నేను నోరు వాసన చూస్తాను సామీ. ఏం చేసేది, అలవాటైపొయ్యింది."

"వాసన వచ్చిందా అమ్మా?" అని అడిగాను.

"రాలేదు. అయినా అంతసేపు బయట ఏం పని సామీ?"

ఆయన తల వంచుకొని నేలవైపు చూస్తున్నాడు. నేనూ నాలుగు మాటలు చెప్పాను. కుటుంబమంతా కలిసి కూర్చోవాలనీ, భార్య మనసులో అనుమానానికి చోటివ్వకూడదనీ. ఎన్నో ఇండ్లలో చెప్పి చెప్పి అరిగిపోయిన మాటలే. ఆయన "సరే సామీ" అన్నాడు.

నన్ను సాగనంపడానికి వీధి చివరిదాకా వచ్చి, అక్కడ నోరు విప్పాడు.

"సామీ, నేను త్రాగుడు మానేసి మూడేండ్లాయె. హాల్లో కూర్చుంటే తెరమీద ఆ సోడా వస్తుంది. పేరు సోడాది కాదు సామీ, నేను త్రాగినదానిదే. అదే రంగు, అవే అక్షరాలు. ఇంత పెద్ద గ్లాసు. దాంట్లో ఐసుముక్క పడుతుంది చూడండి, ఆ చప్పుడు... కండ్లయితే మూసుకోవచ్చు. చెవులెట్ల మూసుకునేది? పిల్లోళ్లు రెండు పక్కలా ఉంటారు. నా చెయ్యి వణికేది వాళ్లకు తెలుస్తాది."

"ఆమెకు ఈ మాట చెప్పలేదా?"

"సోడాబుడ్డిని చూసి భయపడే మొగోడినని ఎట్ల చెప్పుకునేది సామీ?"

ఇది పాపసంకీర్తనంలో విన్న మాట కాదు. వ్రాసుకోండి అని ఆయనే అన్నాడు. పేరు మాత్రం వద్దన్నాడు. ఆ రాత్రి నా గదికి వచ్చి, నేను చెప్పిన ఆ నాలుగు మాటలు తలచుకొని సిగ్గుపడ్డాను. ముగ్గురం ఒకే గదిలో కూర్చొన్నాము. ఒకరు అనుమానించారు, ఒకరు ఉపదేశించారు. పోరాడుతున్నవాడు మాత్రం తల వంచుకొన్నాడు.

సినిమాకు ముందు వచ్చే ప్రకటనలను గురించి మనం పెద్దగా ఆలోచించము. అవి సినిమా కావు గదా! ఆ సమయం పాప్‌కార్ను కొనుక్కోవడానికీ, సీటు నంబరు వెదుక్కోవడానికీ అని మన లెక్క. సినిమాలో పాట బాగాలేదనీ, కొట్లాటలు ఎక్కువైనాయనీ పిల్లలను మందలించే తల్లిదండ్రులు కూడ ప్రకటనలను గురించి ఒక్క మాట అనరు. గురువులమైన మేమూ అంతే. సినిమాలమీద ఎన్ని ప్రసంగాలు చేశామో చెప్పలేను. ప్రకటనలమీద నేను వ్రాయడం ఇదే మొదటిసారి.

నా చిన్నతనంలో మా చిత్తూరు జిల్లా పల్లెలలో టూరింగు టాకీసులు ఉండేవి. ఘంటసాలగారి 'నమో వెంకటేశా' మైకులో వినబడిందంటే ఆట మొదలవుతున్నదని గుర్తు. మాది కథోలిక కుటుంబమే అయినా ఆ పాట చెవిన పడగానే అన్నం పళ్లెం వదిలి పరుగెత్తేవాళ్లం. తర్వాత తెరమీద స్లైడులు. గాజుపలకమీద రంగుసిరాతో వ్రాసిన అక్షరాలు ఒక్కోసారి తలక్రిందులుగా పడేవి. నేలటిక్కెట్టు జనం ఈలలు వేసేవారు. ఒక బట్టల అంగడి, ఒక ఫోటో స్టూడియో, సైకిళ్లు బాడుగకు ఇచ్చే షాపు. 'పొగ త్రాగరాదు' అనే స్లైడు పడినప్పుడు, ఆ వెలుగుబాటలోనే బీడీల పొగ సుళ్లు తిరుగుతూ కనబడేది! ఆ తర్వాత ఫిల్మ్స్ డివిజన్ వారి వార్తాచిత్రం. 1948లో ఏర్పడిన ఆ ప్రభుత్వ సంస్థ చిత్రాలను హాళ్లలో తప్పక చూపాలని నియమం. ఏదో ఆనకట్ట, ఏదో వరద, ఎవరో మంత్రిగారు. అప్పుడే అందరికీ మురుకులు గుర్తుకు వచ్చేవి.

ఆ స్లైడులలో నాకు దోషం కనబడదు. బట్టల అంగడి యజమాని మనకు తెలిసినవాడు. రంగు వెలిస్తే చీర చంకన పెట్టుకొని పోయి అతణ్ణే అడగవచ్చు. తన సరుకు ఫలానాచోట దొరుకుతుందని చెప్పుకోవడం పాపం కాదు. శ్రీసభ కూడ ప్రకటనలను ఎన్నడూ పూర్తిగా కాదనలేదు. 1977లో ప్రపంచ సమాచార సాధనాల దినానికి ఆరవ పౌలు పోపుగారు వాణిజ్య ప్రకటనలనే అంశంగా తీసుకొని, వాటి మేలునూ ప్రమాదాన్నీ బాధ్యతనూ చర్చించారు. 1997 ఫిబ్రవరి 22న సమాచార సాధనాల పొంటిఫికల్ సభ ప్రకటనల నైతికతపై ఒక పత్రమే వెలువరించింది. ప్రకటన సత్యం పలకాలి, మానవుని గౌరవాన్ని కాపాడాలి, సమాజంపట్ల బాధ్యత కలిగి ఉండాలి. ఆ పత్రం కోరినది ఈ మూడే.

ఆ సోడా మొదటి మెట్టు దగ్గరే జారిపడుతుంది. మద్యం ప్రకటనలు టీవీలలో కూడదని 1994 నాటి కేబుల్ నియమాలు చెప్పాయి. వెంటనే అదే పేరుతో సోడాలు, మంచినీళ్లు, పాటల క్యాసెట్లు పుట్టుకొచ్చాయి. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ జారీచేసిన మార్గదర్శకాలు ఈ ముసుగు ప్రకటనలు సైతం కూడదన్నాయి. అయినా ముసుగు పూర్తిగా తొలగలేదని మన కండ్లే చెబుతున్నాయి. నన్ను ఎక్కువగా బాధించేది వేరొకటి. హాలులో వందలమంది కూర్చొని ఉంటారు. తెరమీద ఉన్నది సోడాయే అని నమ్మేవాడు వారిలో ఒక్కడైనా ఉంటాడా? పదేండ్ల పిల్లవాడికి కూడ తెలుసు. చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు, అయినా ఎవరూ అబద్ధమనరు. చట్టమంటే తప్పించుకొని పోవలసిన ముళ్లకంచె అని పిల్లలు అక్కడ, మన ప్రక్కనే కూర్చొని, నేర్చుకొంటున్నారు. ఆ పాఠానికి టిక్కెట్టు డబ్బు ఇచ్చేది మనమే.

యాలకుల సంగతీ ఇంతే. పాన్ మసాలా పేరుతో యాలకులమ్మే ప్రకటనలో నటించినందుకు 2022 ఏప్రిల్‌లో హిందీ నటుడు అక్షయ్ కుమార్ అభిమానులకు క్షమాపణ చెప్పి తప్పుకొన్నారు. ఆ సొమ్ము మంచిపనికి ఇస్తానన్నారు. ఒప్పందం గడువు తీరేదాకా ఆ ప్రకటన వస్తూనే ఉండవచ్చని కూడ ఆయనే తెలియజేశారు. ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మనిషి పశ్చాత్తాపపడ్డాడు, బొమ్మ మాత్రం ఆడుతూనే ఉంటుంది. మన పాపాలు ఎన్ని ఇలాంటివి!

ఇంటిలో టీవీ ఉంటే మీట నొక్కవచ్చు. పత్రికలో పుట తిప్పవచ్చు. హాలులో అలా కాదు. దీపాలు ఆరిపోతాయి, తలుపులు మూస్తారు, నలువైపులనుండి శబ్దం చుట్టుముడుతుంది. డబ్బిచ్చి కూర్చొన్నవాడు లేచి పోలేడు. సినిమాను మనకు అమ్మినవారే మనలను ప్రకటనదారుకు అమ్ముతారు. ఒక సరుకుకు రెండు బేరాలు.

బెంగళూరులో ఒకాయన దీనిమీద కేసు వేశాడు. 2023 డిసెంబరులో 'సామ్ బహదూర్' సినిమాకు వెళితే 4.05 గంటలకు మొదలు కావలసిన ఆట, ప్రకటనలు ముగిసి 4.30కి మొదలైంది. 2025 ఫిబ్రవరిలో అక్కడి వినియోగదారుల కమిషన్ ఆయన పక్షాన తీర్పు చెప్పి, సినిమా నిజంగా ఏ సమయానికి మొదలవుతుందో టిక్కెట్టుమీద వేయాలన్నది. లక్ష రూపాయలు వినియోగదారుల సంక్షేమ నిధికి కట్టమన్నది. మార్చిలో కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది. న్యాయశాస్త్రం సంగతి న్యాయమూర్తులు చూసుకొంటారు. 25 నిమిషాలు పోయినాయని కోర్టుకు వెళ్లిన మనిషిని నేను మెచ్చుకొంటాను. అయితే తిరుపతిలో సైకిల్‌స్టాండు దగ్గర నిలబడి ఉన్న ఈ మనిషి 25 నిమిషాలను ఏ కోర్టు లెక్కగడుతుంది?

మనకు అలిపిరి తెలుసు. కొండపైకి మద్యం, పొగాకు పోకుండా అక్కడ సంచులు విప్పి చూస్తారు. కొండ క్రింద మన పెద్ద సినిమాహాళ్ల తలుపుల దగ్గరా సంచులు విప్పి చూస్తారు, ఇంటినుండి తెచ్చుకొన్న తినుబండారాలు లోపలికి పోకూడదని. మురుకుల పొట్లాన్ని ఆపేవారు ఉన్నారు. తెరమీది గ్లాసును ఆపేవారు లేరు.

పునీత అగస్టీనుగారు తన ఆత్మకథలో స్నేహితుడైన అలీపియుసును గురించి వ్రాశారు. న్యాయశాస్త్రం చదవడానికి రోముకు పోయిన యువకుడు. మనుషులు మనుషులను చంపుకొనే వినోదాలంటే అతనికి అసహ్యం. తోటి విద్యార్థులు ఒకరోజు బలవంతంగా లాక్కొనిపోయారు. నా దేహాన్ని అక్కడ కూర్చోబెట్టగలరు గాని నా కండ్లను, మనసును కాదు అన్నాడతను. కండ్లు గట్టిగా మూసుకొని కూర్చొన్నాడు. ఇంతలో బరిలో ఎవడో కూలిపోయాడు. జనమంతా ఒక్కసారిగా అరిచారు. ఆ కేకకు అతని కండ్లు తెరుచుకొన్నాయి. చూశాడు, చూసినదానిలో మునిగిపోయాడు, ఆ మీదట తానే ఇతరులను వెంటబెట్టుకొని వెళ్లసాగాడు. చెవులు మూసుకొని ఉంటే బాగుండేదని అగస్టీనుగారు బాధపడ్డారు. తర్వాత ప్రభువు కృపవలన ఆ అలీపియుసే పీఠాధిపతి అయ్యాడు, పునీతుడయ్యాడు. అది మరో కథ.

పదహారు వందల ఏండ్ల క్రిందటి ఈ మాటను మన ఆటోడ్రైవరు చదివి ఉండడు. కండ్లు మూసుకోవచ్చు, చెవులెట్ల మూసుకునేది అన్నాడు. అలీపియుసుకు లేని తెలివి ఇతనికి ఉంది. తన బలం ఎంతో తెలుసుకొని బయటే నిలబడ్డాడు. దానిని మనం పిరికితనమనుకొన్నాము.

తపస్సుకాలపు మొదటి ఆదివారం మనం వినే సువిశేషం గుర్తు చేసుకోండి. పిశాచం మొదట ఆకలిగొన్నవానికి రొట్టెను గుర్తుచేసింది. ఎవరికి ఏది లోటో దానికి బాగా తెలుసు. ఆ తర్వాత లోకరాజ్యాలన్నిటినీ, వాటి వైభవాన్నీ ప్రభువు కండ్లముందు ఒక్క క్షణంలో చూపినదని లూకాగారు వ్రాశారు. ఒక్క క్షణంలో! నిదానంగా చూపితే ఆ రాజ్యాలలో ఆకలీ, చెరసాలలూ, యుద్ధాలూ కూడ కనబడేవి. ప్రకటన ముప్పై సెకండ్లకే ముగుస్తుంది. గ్లాసులో ఐసుముక్క పడడం చూపుతుంది. తెల్లవారుజామున గుమ్మంలో కూర్చొని భర్తకోసం చూసే ఇల్లాలిని చూపే సమయం దానికి ఉండదు.

ఆ ఇల్లాలిని చూపిన పాఠం ఒకటి మన రాష్ట్రంలోనే పుట్టింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంవారి వాచకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం ఉండేది. సారావలన కుంగిన పల్లె కథ. రాత్రిబడిలో అక్షరాలు కూడబలుక్కొని దానిని చదివిన ఆడవాళ్లు ఇది మన కథే అనుకొన్నారు. 1992లో దూబగుంటలో రోసమ్మ, ఆమె తోటి స్త్రీలు సారాదుకాణం మూయించారు. ఆ నిప్పు మన చిత్తూరు జిల్లాకూ పాకింది. 1993 అక్టోబరులో సారానిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం పోయింది, అది వేరే సంగతి. పటమూ మాటా మనిషిని మార్చలేవు, ప్రకటనలను చూసి ఎవరు చెడిపోతారు అనేవారికి నేను దూబగుంటను చూపిస్తాను. ఒక పాఠం దుకాణాన్ని మూయించగలిగితే, మరొక పాఠం దానిని తెరిపించగలదు.

మంచి మాట కూడ తెరమీద వస్తున్నది గదా అని మీరు అనవచ్చు. నిజమే. 2012 అక్టోబరు 2 నుండి, పొగాకు వాడకం చూపే సినిమాలకు ముందు, మధ్యలో ఆరోగ్య హెచ్చరికలు వేయాలని నియమం గట్టిపడింది. 'ఈ నగరానికి ఏమైంది' అనే మాట ఆ హెచ్చరికనుండే మన నోళ్లలో పడింది. 2018లో అదే పేరుతో ఒక సినిమా కూడ వచ్చింది. ముకేశ్ హరణే అనే మహారాష్ట్ర యువకుణ్ణి మీరందరూ తెరమీద చూసి ఉంటారు. నోటి క్యాన్సరుతో 2009లో చనిపోయాడు. 24 ఏండ్లు. చనిపోబోతూ, మీరు నాలాగ కావద్దని లోకానికి చెప్పిపోయాడు. మన హాళ్లలో ఏం జరుగుతున్నది? ఆ పేరు వినబడగానే కుర్రకారు గొంతు మార్చి వెక్కిరిస్తారు, చుట్టూ నవ్వులు. నేనూ ఒకసారి నవ్వాను, దాచడం దేనికి. తల్లి కన్న బిడ్డ మరణవాక్కు మనకు హాస్యమైంది. సోడాబుడ్డి వచ్చినప్పుడు అందరమూ భక్తిగా, నిశ్శబ్దంగా చూస్తాము.

ఇంకొక సంగతి ఒప్పుకొని ముందుకు పోతాను. చాలా ఏండ్ల క్రితం నేను సేవచేసిన ఒక విచారణలో పండుగకు వేసిన స్వాగతతోరణంమీద, మరియమాత పటం ప్రక్కనే, ఒక బ్రాందీషాపు యజమాని ఫోటో వేశారు. లైట్లకూ, మైకుకూ డబ్బు అతడే ఇచ్చాడు. నేను మైకులో అతని పేరు చదివి, చప్పట్లు కొట్టించాను. తేరు ఊరేగింపులో ఆ తోరణం క్రిందనుండి నడిచినవారిలో త్రాగుడు మానాలని ప్రార్థించేవారు ఎందరో, మానిపించమని ఏడ్చే తల్లులు ఎందరో, నాకు ఆనాడు తోచలేదు. సినిమాహాలు యజమానిని నిందించే ముందు నేను ఆ తోరణాన్ని తలచుకొంటాను. మీ విచారణలలో ఈ ఏడు పండుగకు చందాలు వ్రాసే పెద్దలు కూడ తలచుకోవాలని అడుగుతున్నాను.

కొరింతులో విగ్రహాలకు అర్పించిన మాంసం తినవచ్చునా అనే తగాదా వచ్చినప్పుడు, తినడంలో దోషం లేదని పునీత పౌలుగారికి తెలుసు. అయినా తాను తినడం చూసి బలహీనుడైన సోదరుడు పడిపోయేటట్లయితే ఇక ఎన్నటికీ మాంసం ముట్టనన్నారు. ఆ సోడా నన్ను ఏమీ చేయదు, నిజమే. మీలో ఎక్కువమందిని కూడ ఏమీ చేయదు. అందుకే దానిని ఎవరూ పట్టించుకోరు. హాలులో వేయిమంది కూర్చొని ఉంటే ఆ ఐసుముక్క చప్పుడు పదిమందికే గుచ్చుకొంటుంది. ఆ పదిమందీ చెప్పుకోరు. పౌలుగారి లెక్కలో ఆ ఒక్కడికోసం మిగిలినవారు భోజనమే మార్చుకోవాలి. మనం ఒక ఫిర్యాదు కూడ వ్రాయము. హాలు మేనేజరుకు ఒక కాగితం వ్రాయవచ్చు, మర్యాదగానే. 1985లో ఏర్పడిన భారత ప్రకటనల ప్రమాణాల మండలికి ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు. యువజన సంఘంవారు ఈ పని నేర్చుకొంటే పెద్దలకు చేసిపెట్టగలరు. పిల్లలతో మాట్లాడడానికి ఏ సంస్థా అక్కరలేదు. హాలునుండి ఇంటికి వచ్చేదారిలో సినిమా కథను పది విధాలుగా చెప్పుకొంటాము. ఆ ముందు వచ్చిన ప్రకటన ఏమి దాచింది అని ఒక్క ప్రశ్న కూడ వేయవచ్చు.

పాస్కాపండుగ తర్వాత ఆ ఇంటికి మళ్లీ వెళ్లాను. ఆయన భార్యతో చెప్పుకొన్నాడట. తపస్సుకాలం ముగియకముందే, ఒక రాత్రి, పిల్లలు నిద్రపోయినాక. ఇల్లాలే నాతో అన్నది: "మూడేండ్లు నోరు వాసన చూస్తి సామీ. ఒక్కనాడన్నా ఏమయ్యా, ఎందుకు రావు అని మెత్తగా అడగకపోతి." కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. వేసవి సెలవులలో మళ్లీ సినిమాకు వెళ్లారు. పెద్దపిల్లవాణ్ణి, చిన్నపిల్లను సీట్లలో కూర్చోబెట్టి, ఆమె తిరిగి బయటికి వచ్చింది. ఇద్దరూ సైకిల్‌స్టాండు గోడదగ్గర నిలబడి శనక్కాయలు ఒలుచుకొని తిన్నారు. ఎంతసేపో తెలియలేదట. పెద్దపిల్లవాడు తలుపు సందునుండి తల బయటపెట్టి, "నాయనా, అమ్మా, బొమ్మ పడింది, రాండి" అని పిలిచాడట.